పటములో లేని ధమని

మానవ శరీర పటము లేని పాఠశాల యుండదు. ధమనులకు ఎఱుపు, సిరలకు నీలము. గుండెనుండి వెడలిన బృహద్ధమని వెన్నెముకకు ముందుగా క్రిందికి దిగుచు, దారిలో ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క కొమ్మను పంపుచుండును. విద్యార్థులు ఆ బొమ్మను చూచి గీసి, భాగములకు పేర్లు పెట్టుదురు. మేము ఎఱ్ఱ సిరాతో దిద్దుదుము. పటము మంచిదే. పటము లేనిదే పాఠము నడువదు. అయితే ఆ గీతలు అందఱి దేహములందును ఒకే చోట మొదలై ఒకే దారిని పోవుననుట సత్యము కాదు. ముఖ్యముగా కాలేయమునకు రక్తమును కొనిపోవు ధమని విషయమున, ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి పటమునకు భిన్నమైన యేర్పాటు కలదు. ఇది గ్రంథములయందున్న సంగతియే. కాని 2022వ సంవత్సరమున మా మేనమామగారి ప్రాణము దానిమీద ఆధారపడినప్పుడు దాని బరువు వేఱుగా నుండెను. ఆ వృత్తాంతమును మన పత్రిక చదువు బాలబాలికలకును వారి తలిదండ్రులకును విన్నవింపదలచితిమి.

మా మేనమామగారు హోసూరు ప్రాంతమున రాగులు, వేరుసెనగ పండించు రైతు. ఇంటిలో తెలుగు, కచ్చేరిలో తమిళము, సంతలో కన్నడము ఆయన నోట తడబాటు లేక నడచును. బడిచదువు మాత్రము అయిదవ తరగతితో నిలిచినది. ఆ సంవత్సరము వేసవిలో ఆయనకు అన్నము సహింపకుండెను. కుడిప్రక్క ఎముకల క్రింద బరువుగా నున్నదనుచు వచ్చెను. ఎండదెబ్బ యనుకొని కొన్నాళ్ళు మజ్జిగ, కొన్నాళ్ళు కషాయము. చొక్కా వదులైన తరువాత మా అత్తగారు పట్టుపట్టి వైద్యునికడకు పంపిరి. అల్ట్రాసౌండు పరీక్షలో కాలేయమున గడ్డ కనబడెను. అచ్చటినుండి బెంగళూరిలోని ఒక పెద్ద ఆసుపత్రికి పోవలసివచ్చెను.

అచ్చట స్కాను, రక్తపరీక్షలు చేసి చెప్పినదిది. గడ్డ కాలేయపు కుడిభాగమున నున్నది, అడ్డుకొలత సుమారు అయిదు సెంటీమీటర్లు, అది కాన్సరు. ఆయన రక్తములో హెపటైటిస్ బి యను వైరసు ఎన్ని యేండ్లనుండియో కాపురముండి, కాలేయమును కొంచెము కొంచెముగా గట్టిపఱచినది. అట్లు గట్టిపడిన కాలేయము కోతకు ఓర్వదు. కావున కత్తి పెట్టక, గడ్డకు రక్తమును తెచ్చు ధమనిలోనికి సన్నని గొట్టమును పంపి, మందును అచ్చటనే విడిచి, ఆ దారిని మూసివేయు చికిత్స చేయుదుమనిరి. దీనిని వైద్యులు పొట్టిగా టేస్ అందురు.

ఈ చికిత్స యేల సాధ్యమగుచున్నదో తెలియవలెనన్న కాలేయపు విచిత్రమును తెలియవలెను. మన పల్లెలలో దీనిని కార్జమందురు. మా వైపు అంగళ్ళలో ఈరలనియు అందురు. పెద్దవారిలో ఇది సుమారు కిలోన్నర తూగును. తక్కిన అవయవములు చాలవఱకు ధమనివలన వచ్చు రక్తముతోనే బ్రతుకుచుండగా, కాలేయమునకు రెండు వైపులనుండి రక్తము వచ్చును. ప్రేగులలో అన్నసారమును గ్రహించిన రక్తమంతయు నిర్వాహక సిర యను పెద్ద సిర ద్వారా మొదట కాలేయమునకే చేరును. కాలేయమునకు వచ్చు రక్తములో సుమారు నాలుగింట మూడు వంతులు ఇదియే. తక్కిన నాలుగవ వంతు కాలేయ ధమనివలన వచ్చును. కాలేయమున పుట్టిన కాన్సరు గడ్డయో, పెరుగుచున్నకొలది సిరను విడిచి ధమనినే పట్టుకొని, దాదాపుగా దానిమీదనే పోషింపబడును. కనుక ఆ ధమనిశాఖను మూసినచో గడ్డ మాడును, కాలేయము మాత్రము సిర రక్తముతో నిలుచును. గడ్డ తన బలమునకు ఎన్నుకొన్న దారియే వైద్యునికి వాకిలి యైనది. జపానులో యమడా మున్నగు వైద్యులు 1970 తరువాతి యేండ్లలో ఈ పద్ధతిని వాడుకలోనికి తెచ్చిరి. 2002వ సంవత్సరమున బార్సిలోనాలోను హాంగ్‌కాంగులోను జరిగిన రెండు పరీక్షలు, తగిన రోగులను ఎంచి చేసినచో దీనివలన ఆయుర్దాయము పెరుగునని చూపినవి.

ఇంతవఱకు సుగమముగానే యున్నది. చిక్కు స్కానులో బయటపడెను.

పటము ప్రకారము బృహద్ధమని ఉదరములోనికి దిగినవెంటనే ముందువైపునకు ఒక పొట్టి మ్రానును ఇచ్చును. దానికి సీలియాక్ ధమని యని పేరు. అది మూడు కొమ్మలగును: ఒకటి జీర్ణాశయమునకు, ఒకటి ప్లీహమునకు, ఒకటి కాలేయమునకు. కాలేయపు కొమ్మ మఱల కుడి యెడమలుగా చీలును. ఆ మ్రానుకు కొంచెము దిగువను, అనగా ఒక సెంటీమీటరు దూరముననే, బృహద్ధమనినుండి మఱొక పెద్ద కొమ్మ పుట్టి ప్రేగులకు పోవును. అది ఊర్ధ్వ ఆంత్రయోజని ధమని. మా మామగారికి కాలేయపు ఎడమ శాఖ పటములో నున్నట్లే యుండెను. కుడి శాఖ మాత్రము ఆ మ్రానునకు చెందదు. అది దిగువనున్న ప్రేగుల ధమనినుండి పుట్టి, క్లోమము వెనుకగా, నిర్వాహక సిర వెనుకగా మీదికెక్కి కాలేయపు కుడిభాగమునకు చేరుచుండెను. గడ్డ యున్నదో ఆ కుడిభాగముననే. ఈ సంగతి ముందు తెలియక పటమును నమ్మి పై కొమ్మలోనే మందును విడిచినచో, అది ఆరోగ్యముగా నున్న ఎడమభాగమునకు పోవును. గడ్డకు చుక్కయు చేరదు.

వైద్యురాలు వయసున చిన్నది. కోలారువైపు ఆవిడ, ఇంటిలో తెలుగే మాటలాడుదురట. తెలుగున మాటలాడు వైద్యురాలు దొరికినదని మా అత్తగారు కన్నీరు పెట్టుకొనిరి. ఆవిడ ఎంతో ఓపికతో, "పెద్దాయనా, మీ కార్జానికి పోయే నరం ఒకటి వేరే చోటినుంచి వస్తా ఉంది. దాన్ని చూసుకొని చేస్తాము" అని చెప్పి, ఆంగ్లములోనున్న సమ్మతిపత్రమును చేతికిచ్చి వెడలెను.

మామగారు సంతకము చేయలేదు. ఆ దినమును చేయలేదు, మఱునాడును చేయలేదు. ఇంటికి పోవుదమనిరి.

"పుట్టుకలోనే నరం దారి తప్పిందంట. బ్రహ్మ రాసేటప్పుడే తప్పు రాసినాక మందేం చేస్తుంది నాయనా? ఆ నరం కోసినారంటే కాలో చెయ్యో పడిపోతుంది. మంచంలో పడి మీ అత్తతో చాకిరీ చేయించుకోలేను."

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ధమని, సిర, నాడి, స్నాయుబంధనము అనునవి పాఠ్యపుస్తకములలో నాలుగు వేర్వేఱు మాటలు. ఇంటిలో ఆ నాలుగింటికిని ఒకటే మాట, నరము. సూది వేయునది నరమే, తిమ్మిరి పట్టునది నరమే, పక్షవాతమున చచ్చుపడునది నరమే, మెడపట్టున బిగియునదియు నరమే. వైద్యురాలికి ఇంటితెలుగు వచ్చును గాని శాస్త్రమును ఆవిడ ఆంగ్లముననే చదివినది. మామగారికి వచ్చినది ఇంటితెలుగే. ఇరువురును ఒకే భాషను మాటలాడుచు, ఒకే మాటతో రెండు వేర్వేఱు వస్తువులను తలచుచుండిరి. అట్టి చోట మన బడిలోని తెలుగు పనికివచ్చును. ధమని యనునది రక్తపు గొట్టము, నాడి యనునది వార్తలు మోయు తీగ అని ఇంటిలో చెప్పగల పిల్లవాడు ఆసుపత్రిలో ఒక పెద్దమనిషికి తోడుండదగినవాడు. తెలుగు మాధ్యమమున చదివి యేమి లాభమని అడుగు తలిదండ్రులు మన ఊళ్ళలో లేకపోలేదు. వారికి మేము చెప్పు సమాధానములలో ఇది యొకటి.

మందుల రసీదు వెనుక వైపున మేము ఒక చెఱువును గీసితిమి. కట్టకు రెండు తూములు: పై తూము, క్రింది తూము. పై తూమునుండి వచ్చిన కాలువ మూడు పాయలై, ఒక పాయ మా కార్జపు మడికి పోవలెను. ఊరిలో పదిమందికి అట్లే యున్నది. మీ మడికి మాత్రము ఎడమ సగమునకు పై తూము నీరు, కుడి సగమునకు క్రింది తూము నీరు. రెండును ఒకే చెఱువు నీళ్ళే. మడి యిన్నాళ్ళును పండుచునే యున్నది గదా! కాలువ తప్పు కాదు. గడ్డకు కారణమును అది కాదు. కుడి సగమున కలుపు మొలచినది, దానికి పోవు పిల్లకాలువ మడవను కట్టవలెను. పై తూముకడకు పోయి మడవ కట్టినచో కలుపు చావదు. క్రింది తూముకడకు పోవలెను. ఆ అమ్మాయి చెప్పినది ఇంతే.

ఆయన ఆ బొమ్మను చాలసేపు చూచిరి. పిదప ఏ శాస్త్రజ్ఞుడైన అడుగదగిన ప్రశ్న నడిగిరి.

"కలుపుకు నీళ్ళు కట్టేస్తే, ఆ పక్కనుండే పైరు కూడా ఎండిపోదా?"

పైరునకు బావినీరు వేఱుగా గలదంటిమి. నిర్వాహక సిరను బావిగా గీసితిమి. కలుపు బావినీరు త్రాగదు, పైరు త్రాగును. అందుచేతనే, చికిత్సకు ముందు ఆ సిర తెఱచియున్నదా, గడ్డ దానిలోనికి ప్రాకినదా యని వైద్యులు స్కానులో జాగ్రత్తగా చూతురు. బావి పూడియుండగా కాలువను కట్టివేసినచో పైరే నష్టపడును. మామగారికి బావి తెఱచియే యుండెను. సాయంకాలమున సంతకము చేసిరి. తెలుగులోనే చేసిరి.

మామగారు పడిన సంశయము సామాన్యమైనది: అందఱివలె లేనిది రోగమే యగునా? దీనికి శరీరనిర్మాణ శాస్త్రము చక్కని యుత్తరమును దాచియుంచినది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో నికొలస్ మైకెల్స్ అను ఆచార్యుడు 200 మృతదేహములను కోసి, కాలేయమునకు పోవు ధమనులను ఒక్కొక్కదానిని వెదకి, ఆ ఫలితములను 1955లో ఒక పెద్ద గ్రంథముగాను, 1966లో ఒక వ్యాసముగాను ప్రకటించెను. ధమనుల యేర్పాటును పది విధములుగా విభజించెను. పటములో మనము గీయు విధము ఆయనకు నూటికి 55 దేహములలో మాత్రమే కనబడెను! తరువాత 1994లో కాలిఫోర్నియాలోని హయాట్ మున్నగు శస్త్రవైద్యులు కాలేయదాతల దేహములలో 1000 కాలేయములను పరిశీలించి లెక్క వ్రాసిరి. వారిలో 757 మందికి పటములోని విధమే. 106 మందికి కుడివైపు ధమని, మా మామగారి వలెనే, ప్రేగుల ధమనినుండి వచ్చుచుండెను. 97 మందికి ఎడమవైపు ధమని జీర్ణాశయపు ధమనినుండి వచ్చెను. 23 మందికి రెండును మాఱియుండెను. 15 మందికి కాలేయపు ధమని మొత్తము ప్రేగుల ధమనినుండియు, ఇద్దఱికి నేరుగా బృహద్ధమనినుండియు పుట్టెను. గణితము వచ్చిన పిల్లలు కూడి చూచుకొనవచ్చును, సరిగా వేయి వచ్చును. రెండు లెక్కలకును భేదమున్నది నిజమే. మిక్కిలి చిన్న శాఖలను లెక్కించు తీరు మాఱినచో అంకెలును మాఱును. ఏ లెక్కను పట్టినను మా మామగారివంటివారు పదిమందిలో ఒకరుగా మన సంతలలో, మన తరగతులలో తిరుగుచునే యున్నారు. వారిలో పెక్కుమందికి అది జీవితాంతము తెలియదు. తెలియవలసిన పనియు రాదు.

ఇట్లేల జరుగును? తల్లి గర్భమున పిండము మిక్కిలి చిన్నదిగా నున్నపుడు బృహద్ధమనినుండి ముందువైపునకు నాలుగు చిన్న వేళ్ళు పుట్టును. ఆ నాలుగింటిని నిలువుగా ఒక గొట్టము కలుపుచుండును. పెరుగుచున్నకొలది నడిమి వేళ్ళు రెండు మాయమగును. మిగిలిన మొదటి వేరు సీలియాక్ మ్రాను, నాలుగవది ప్రేగుల ధమని యగును. నిలువు గొట్టమును ఒకచోట తెగిపోవును. అది తెగు చోటు కొంచెము మీదికి జరిగినచో, పై మ్రానునకు చేరవలసిన కొమ్మ క్రింది ధమని వంతుకు వచ్చును. వియన్నా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు యూలియస్ టాండ్లర్ 1904లోనే ఈ వివరణమును వ్రాసెను. జంతుశాస్త్రమున కప్పను గూర్చి చదివినవారికి ఉదరాంత్రయోజని ధమని జ్ఞప్తికి వచ్చును; కప్పకు ఉదరావయవములకును ప్రేగులకును కలిపి ఒకటే మ్రాను. అరుదుగా మనుష్యులలోను అట్లే యొక్క మ్రానుగా నిలిచిపోవును. బ్రహ్మ తప్పు వ్రాయలేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

చికిత్స దినమున మేము వెలుపల బల్లమీద కూర్చుంటిమి. లోపల జరిగినదానిని తరువాత వైద్యురాలు తెఱపై చూపెను. తొడ మొదటనున్న ధమనిలో సూదిగ్రుచ్చి, సూదిలోనుండి సన్నని తీగను, తీగ మీదుగా గొట్టమును పంపుదురు. ఈ ఉపాయమును స్వీడను దేశపు సెల్డింగరు 1953లో ప్రకటించెను. నేటికిని ప్రపంచమంతట అదియే దారి. మొదట పై మ్రానులో ఎక్స్‌రేకు కనబడు అయొడిను ద్రవమును విడిచిరి. కాలేయపు ఎడమభాగము చెట్టుకొమ్మల వలె వెలుగొందెను, కుడిభాగము చీకటి. గడ్డ యున్న జాడయే లేదు. పిదప గొట్టమును క్రింది ధమనికి మార్చి ద్రవమును విడువగా, ఒక కొమ్మ ప్రేగులవైపు పోక వెనుకకు తిరిగి మీది కెక్కెను. దాని చివర గడ్డ గుత్తివలె మెఱసెను.

అక్కడినుండియే అసలు జాగ్రత్త. మందు వెనుకకు ఒలికినచో ప్రేగుల ధమనిలో పడును, ప్రేగు చెడును. దారిలో పిత్తాశయమునకు పోవు చిన్న కొమ్మ యొకటి కలదు. అందులోనికి పోయినచో పిత్తాశయము మాడును. కావున పెద్దగొట్టములోనుండి మఱింత సన్నని గొట్టమును పంపి, ఆ కొమ్మను దాటి, గడ్డకు అతి సమీపమునకు చేరి, అప్పుడు కాన్సరు మందును గసగసాల నూనె, అయొడిను కలిపి చేసిన ద్రవముతో చేర్చి మెల్లగా విడిచిరి. తరువాత జెలటిను తునుకలతో మడవ కట్టిరి. ఇదంతయు రెండు గంటలు పట్టెను. మామగారు మెలకువతోనే యుండి, "క్రింది తూము దొరికినదా?" యని రెండు మాఱులు అడిగిరట.

తరువాత మూడు దినములు జ్వరము, కుడిప్రక్క నొప్పి, వాంతి. గడ్డ చచ్చుచున్నపుడు ఇట్లగుట కద్దని ముందే చెప్పియుండిరి. చెప్పియుండబట్టి మేము తట్టుకొంటిమి. నెల దాటిన పిమ్మట తీసిన స్కానులో గడ్డ చాలవఱకు చచ్చియుండెను. చాలవఱకు అని వైద్యురాలు నొక్కిపలికెను. ఇది కాన్సరును వేరుతో పెరుకు చికిత్స కాదు. అడ్డగించి కాలమును సంపాదించు చికిత్స. ఈ సత్యమును ఆవిడ మామగారి యెదుటనే చెప్పెను. ఆయన తలయూచి, "కలుపంటే అంతే కదమ్మా" అనిరి.

కష్టము మఱొకవైపునుండి వచ్చెను. వైరసు సంగతి బంధువులకు తెలిసి, ఒకరిద్దఱు ఆయనకు వేఱుగా పళ్ళెమును, లోటాను పెట్టిరి. వేరుసెనగ కుప్ప వేసిన యింటిలో పదిమందికి అన్నము పెట్టిన చేయి ఆ పళ్ళెమును చూచి వెనుకకు పోయినది మాకు మఱపునకు రాదు. హెపటైటిస్ బి కలిసి భుజించుటవలన రాదు; తాకుటవలన రాదు. అది రక్తమువలన, శుద్ధిచేయని సూదులవలన, దాంపత్యమువలన, కాన్పులో తల్లినుండి బిడ్డకు వచ్చును. మా అత్తగారు ఆ వేఱు పళ్ళెములోనే తామును వడ్డించుకొని తినుట మొదలుపెట్టిరి. నాలుగు దినములలో పళ్ళెముల తగవు ముగిసెను.

వైద్యురాలి మాటపై ఇంటిల్లిపాదికిని రక్తపరీక్ష చేయించితిమి. మామగారి కుమారునికి వైరసున్నట్లు తేలెను. కాలేయము ఇంకను చెడలేదు. ఆఱు నెలలకొకమాఱు పరీక్షకు పోవుచున్నాడు. తక్కినవారికి టీకా వేయించితిమి. ఈ టీకా ఒకప్పుడు విదేశములనుండి వచ్చి సామాన్యులకు అందనంత ప్రియముగా నుండెడిది. హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని మన దేశముననే తయారుచేసి చౌకగా అమ్మజూపెను. 2011నుండి దేశమంతట శిశువులకు ప్రభుత్వమే ఉచితముగా వేయించుచున్నది. పుట్టిన ఇరువదినాలుగు గంటలలోపల మొదటి మోతాదు పడవలెను. బూజుపట్టిన వేరుసెనగలో పుట్టు అఫ్లటాక్సిను అను విషమును కాలేయ కాన్సరునకు తోడ్పడునని తెలిసి, మామగారు ఇప్పుడు కాయలను బాగుగా ఎండనిదే మూటకట్టనీయరు. బూజుకాయలను మేకలకును వేయనీయరు.

2024లో స్కానునందు మఱొక చిన్న గడ్డ కనబడెను. అప్పటికి ఆ వైద్యురాలు వేఱొక ఊరికి పోయియుండెను. కొత్తగా వచ్చిన వైద్యునికి తెలుగు రాదు. మామగారు ఆయనతో కన్నడమున మాటలాడిరి. జేబులోనుండి నాలుగు మడతల రసీదును తీసి, వెనుకవైపు త్రిప్పి బల్లపై పఱచి, తమ కుడి కాలువ పై తూములో దొరకదనియు, క్రింది తూమున వెదకవలెననియు వేలుపెట్టి చూపిరి. ఆయన కంప్యూటరులో పాత చిత్రములను తెఱచి, రసీదును, తెఱను మార్చి మార్చి చూచి, రసీదునకు ఒక నకలు తీయించి ఫైలులో పెట్టించెను.

రెండవమాఱు చికిత్స ఒక గంటలో ముగిసెను. వైరసును అణచు మాత్రను మామగారు దినమును తప్పక వేసికొనుచున్నారు. మూడు నెలలకొకమాఱు స్కానునకు బెంగళూరు బస్సెక్కుదురు. మాలో ఎవరమో ఒకరము తోడు పోవుచున్నాము.